ఎఫ్9పి బోర్డు + ఆండ్రాయిడ్ ఫోన్: బ్లూటూత్‌లో చెత్త అక్షరాలు, ఓటీజీలో ఫ్లోట్ దాటట్లేదు

చెల్కగట్టు

అందరికీ నమస్తే. జనగామ దగ్గర 4 ఎకరాల చెల్క. దున్నేటప్పుడు రెండు హద్దురాళ్లు పక్కకు పడిపోయినయ్. సర్కారు సర్వేకు అర్జీ పెట్టేలోపు మా లెక్క మా దగ్గర ఉండాలని, ఫోనుకే బయటి రిసీవర్ తగిలించి కొలుద్దామని చూస్తున్నా. కంపెనీ రోవర్ (సర్వేవాళ్లు మోసుకు తిరిగే రెడీమేడ్ రిసీవర్) కొనే బడ్జెట్ కాదు.

దగ్గరున్న సామాను: యూ-బ్లాక్స్ జెడ్ఈడీ-ఎఫ్9పి చిప్పున్న (సెంటీమీటర్ల లెక్కలో చోటు పట్టే జీపీఎస్ రిసీవర్) మామూలు బోర్డు, అదే కంపెనీ ఏఎన్ఎన్-ఎంబీ యాంటెన్నా (5 మీటర్ల కేబుల్ది), హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, టైప్-సి ఓటీజీ కేబుల్, పవర్‌బ్యాంక్. ఫోన్ ఆండ్రాయిడ్ 13. యాప్ ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్.

ఇప్పుడు సమస్యలు:

ఓటీజీతో డైరెక్టుగా పెడితే లొకేషన్ వస్తుంది. హెచ్‌సీ-05 పెడితే మాత్రం పెయిర్ అవుతుంది, యాప్ కనెక్ట్ అయిందంటుంది, కానీ పాయింట్ రాదు. బ్లూటూత్ టెర్మినల్ యాప్‌లో చూస్తే అన్నీ పిచ్చి గుర్తులే. వైరింగ్ మూడు తీగలే: 5 వోల్టులు, గ్రౌండ్, బోర్డు టీఎక్స్ (డేటా పంపే పిన్ను) నుంచి హెచ్‌సీ-05 ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్ను).

ఓటీజీలో ఎన్‌ట్రిప్ (బేస్ స్టేషన్ పంపే కరెక్షన్లను నెట్‌లో తెచ్చేది) పెట్టిన. డేటా వస్తున్నట్టు బైట్లు పెరుగుతున్నయ్, కానీ ఆర్‌టీకే (ఆ కరెక్షన్లతో చోటు పట్టే పద్ధతి) ఫ్లోట్ అనే సగం లెక్క దగ్గరే ఆగిపోతుంది, సెంటీమీటర్ల లెక్క ఇచ్చే ఫిక్స్ కావట్లేదు. బేస్ మా దగ్గర్నుంచి 48 కిలోమీటర్లు. యాంటెన్నా పీవీసీ పైపు మీద టేపుతో అంటించిన, గట్టు మీద వేపచెట్టు పక్కన. పొద్దున కూలీలుంటరని సాయంత్రం 7 తర్వాత చూస్తున్నా.

గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఇదే లొకేషన్ రావాలంటే ఎట్లా? పెట్టి చూస్తే నీలం చుక్క అటూ ఇటూ దుంకుతుంది.

టంకం_పొగ

ముందు బ్లూటూత్ సంగతి.

పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే తీగ సరిగ్గానే ఉంది, వేగాలు కలవట్లేదు. ఎఫ్9పిలో యూఆర్ట్1 (మీరు తీగలు కలిపిన సీరియల్ పోర్టు) ఫ్యాక్టరీ నుంచి 38400 బాడ్‌లో (సెకనుకు అన్ని బిట్లు) వస్తుంది. హెచ్‌సీ-05 చాలావాటిలో డేటా వేగం 9600. ఓటీజీలో ఈ బాధ ఉండదు, ఎందుకంటే చిప్పుకు సొంత యూఎస్‌బీ ఉంది, అక్కడ బాడ్ రేటు ఎంత పెట్టినా ఒకటే.

రెండూ 38400కు తెచ్చి వదిలేయొద్దు, 115200కు తీసుకెళ్లండి. 38400 అంటే సెకనుకు 3840 బైట్లు. నాలుగు ఉపగ్రహ వ్యవస్థల జీఎస్‌వీ వాక్యాలతో (కనిపించే ఉపగ్రహాల జాబితా) కలిపి సెకనుకు ఒకసారైతే ఇరుకుగానైనా సరిపోతుంది. 5 హెర్ట్జ్‌కు (సెకనుకు ఐదుసార్లకు) పెంచారంటే వాక్యాలు మధ్యలో తెగిపోతాయి, చెక్‌సమ్ తప్పుతుంది, యాప్ వాటిని నోరు మెదపకుండా పారేస్తుంది. బయటికి మాత్రం "లొకేషన్ ఆగి ఆగి వస్తోంది" అన్నట్టు కనిపిస్తుంది.

హెచ్‌సీ-05 మార్చడం: యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టర్ (సీపీ2102 లాంటిది, 3.3 వోల్టుల లాజిక్) తీసుకోండి. మాడ్యూల్ మీది చిన్న బటన్ నొక్కి పట్టుకునే కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ రెండు సెకన్లు వెలిగి రెండు సెకన్లు ఆరుతుంటే ఏటీ మోడ్‌లో (సెట్టింగ్‌లు మార్చే మోడ్) ఉన్నట్టు. గబగబా కొట్టుకుంటుంటే లేనట్టు, మళ్లీ తీసి పెట్టండి. ఈ మోడ్‌లో వేగం 38400. సీరియల్ మానిటర్‌లో లైన్ ఎండింగ్ న్యూలైన్, క్యారేజ్ రిటర్న్ రెండూ పెట్టాలి. ఒకటే పెడితే జవాబే రాదు, మాడ్యూల్ పోయిందనుకుని పారేసేవాళ్లు ఎక్కువ. ఏటీ అని పంపితే ఓకే రావాలి. తర్వాత ఏటీ+యూఏఆర్‌టీ=115200,0,0. ఇంగ్లిష్ పెద్దక్షరాలు, మధ్యలో ఖాళీల్లేకుండా. మళ్లీ ఓకే వస్తే కరెంటు తీసి మామూలుగా పెట్టండి.

బోర్డు వైపు: విండోస్‌లో యూ-సెంటర్ (చిప్పు కంపెనీ సాఫ్ట్‌వేర్) తెరిచి, కాన్ఫిగరేషన్ వ్యూలో పీఆర్‌టీ, టార్గెట్ యూఆర్ట్1, బాడ్ 115200, సెండ్. అక్కడితో ఆగొద్దు. సీఎఫ్‌జీ పేజీకి వెళ్లి సేవ్ కరెంట్ కాన్ఫిగరేషన్‌లో బీబీఆర్, ఫ్లాష్ రెండూ ఎంచుకుని సెండ్ కొట్టాలి. ఇది చేయకపోతే సెట్టింగ్ ర్యామ్‌లోనే ఉండి, పవర్ తీయగానే పాత వేగానికి వెళ్లిపోతుంది. "నిన్న పనిచేసింది, ఇవాళ చేయట్లేదు" అనే ప్రశ్నల్లో సగం ఇదే.

యూ-సెంటర్ తెరిచారు కాబట్టి ఇంకో రెండు పనులు. ఎన్‌ఎంఈఏ (రిసీవర్ పంపే వాక్యాల ఫార్మాట్) పేజీలో హై ప్రెసిషన్ మోడ్ పెట్టండి. మామూలుగా నిమిషాలకు 5 దశాంశాలు ఇస్తుంది, చివరి అంకె విలువే 1.85 సెంటీమీటర్లు. రిసీవర్ సెంటీమీటరు పట్టినా వాక్యంలో ఆ మేరకు గుండ్రం చేసేస్తుంది. హై ప్రెసిషన్‌లో 7 దశాంశాలు వస్తాయి. రెండోది, మెసేజ్‌లలో జీఎస్‌టీ వాక్యాన్ని యూఆర్ట్1కు, యూఎస్‌బీకి ఆన్ చేయండి. ఇది ఫ్యాక్టరీ నుంచి ఆఫ్‌లో ఉంటుంది. పొరపాటు ఎన్ని సెంటీమీటర్లన్న అంచనా ఇందులోనే వస్తుంది. ఇది లేకపోతే చాలా యాప్‌లు హెచ్‌డాప్‌ను (ఉపగ్రహాల అమరిక ఎంత బాగుందో చెప్పే అంకె) ఏదో సంఖ్యతో గుణించి "అక్యురసీ" అని చూపిస్తాయి. దాన్ని నమ్మొద్దు.

ఇక అసలు లోపం. మీరు మూడు తీగలే కలిపారు. నాలుగోది, హెచ్‌సీ-05 టీఎక్స్ నుంచి బోర్డు ఆర్‌ఎక్స్‌కు, తప్పనిసరి. ఎన్‌ట్రిప్ కరెక్షన్లను ఫోను మొబైల్ డేటాలో దింపుకుని ఆ తీగ మీదే రిసీవర్‌కు పంపుతుంది. అది లేకపోతే ఫోన్‌లో బైట్లు పెరుగుతూనే ఉంటాయి, రిసీవర్‌కు ఒక్కటీ చేరదు, ఆర్‌టీకే ఎప్పటికీ రాదు. రెండు వైపులా 3.3 వోల్టులే కాబట్టి మధ్యలో రెసిస్టర్లు అక్కర్లేదు. హెచ్‌సీ-05 బోర్డు వీసీసీకి మాత్రం 5 వోల్టులు ఇవ్వొచ్చు, దాని మీద రెగ్యులేటర్ ఉంటుంది.

పవర్‌బ్యాంక్ గురించి: ఈ మొత్తం సెటప్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. కొన్ని పవర్‌బ్యాంకులు "ఫోన్ నిండిపోయింది" అనుకుని అరనిమిషంలో ఆపేస్తాయి. తక్కువ కరెంటు మోడ్ ఉన్నది చూసుకోండి, లేదా చిన్న 5 వోల్టుల బ్యాటరీ ప్యాక్ వాడండి.

సర్వేరాయి

బ్లూటూత్ పైన చెప్పారు. ఫ్లోట్ గురించి నేను రాస్తాను.

ఓటీజీలో ఫ్లోట్ వరకు వచ్చిందంటే కరెక్షన్లు రిసీవర్‌కు చేరుతున్నాయి, లాగిన్, మౌంట్‌పాయింట్ (ఎంచుకున్న కరెక్షన్ స్ట్రీమ్) బాగానే ఉన్నాయి. ఇక మిగిలినవి యాంటెన్నా, చెట్టు, దూరం, వేళ. మీ పోస్టులో నాలుగూ తేడాగానే ఉన్నాయండీ.

యాంటెన్నా. ఏఎన్ఎన్-ఎంబీ ప్యాచ్ రకం. కింద లోహపు పళ్లెం ఉండాలి, లేకపోతే నేల మీద తగిలి తిరిగొచ్చే సిగ్నళ్లు కింది నుంచి దూరుతాయి. పీవీసీ పైపు మీద టేపు వేస్తే పళ్లెం లేనట్టే. 10 నుంచి 15 సెంటీమీటర్ల గుండ్రటి ఇనుప రేకో అల్యూమినియం రేకో కోయించి, సరిగ్గా మధ్యలో యాంటెన్నా పెట్టండి. దాని అడుగున అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుపదైతే దానంతటదే పట్టుకుంటుంది. ఎల్2 (ఉపగ్రహాల రెండో ఫ్రీక్వెన్సీ, మొదటిది ఎల్1) బలం ఎలా పెరిగిందో యూ-సెంటర్‌లో నావ్-సిగ్ పేజీలో చూడొచ్చు. నెత్తి మీద ఉన్న ఉపగ్రహాలకు ఎల్1 40 డీబీ-హెర్ట్జ్ పైన, ఎల్2 35 పైన ఉండాలి. ఎల్2 గడులే కనిపించకపోతే యాంటెన్నా నకిలీదో, ఎల్1 మాత్రమే పట్టేదో అయి ఉంటుంది.

ఒక సందేహం: మీ చిప్పు మీద చివర ఏ అంకెలున్నాయి? 04బి అయితే ఎల్1/ఎల్2. 15బి అయితే ఎల్1/ఎల్5. బేస్ పంపేది ఎల్1, ఎల్2 మాత్రమే అయితే 15బికి ఉమ్మడిగా మిగిలేది ఎల్1 ఒక్కటే. అప్పుడు ఫ్లోట్ దగ్గరే గంటలు కూర్చుంటుంది. తప్పు ఎవరిదీ కాదు, జత కుదరలేదంతే.

వేపచెట్టు. ఆకులు సిగ్నల్‌ను పూర్తిగా ఆపవు, నలుపుతాయి. దాంతో ఫిక్స్ రాకపోవడం కన్నా ప్రమాదం, తప్పు ఫిక్స్ రావడం. తెరమీద 1.4 సెంటీమీటర్లని చూపిస్తుంది, నిజానికి అరమీటరు పక్కన ఉంటుంది. హద్దురాయి చెట్టు కిందే ఉంటే, ఎండ పడే చోట రెండు పాయింట్లు తీసుకుని అక్కడినుంచి టేపుతో రాయికి రెండు దూరాలు కొలవండి. ఆ రెండు దూరాలు రెండు చోట్ల కలుస్తాయి, వాటిలో రాయి ఉన్న పక్కదే మీ రాయి. పాతకాలం పద్ధతే, ఏ ఉపగ్రహం కన్నా గట్టిది.

దూరం. ఎఫ్9పికి కంపెనీ ఇచ్చే లెక్క 1 సెంటీమీటర్, దాని మీద కిలోమీటరుకు 1 మిల్లీమీటర్. 48 కిలోమీటర్లకు మొత్తం దాదాపు ఆరు సెంటీమీటర్లయింది, అదీ ఫిక్స్ వస్తే. ఒంటి బేస్‌తో 20-30 కిలోమీటర్ల లోపు ఉండేలా చూసుకోండి. లేదా సర్వే ఆఫ్ ఇండియా కార్స్ (శాశ్వత బేస్ స్టేషన్ల) నెట్‌వర్క్‌లో నమోదు చేసుకుని లాగిన్ తీసుకోండి. నెట్‌వర్క్ ఆర్‌టీకే మౌంట్‌పాయింట్ అయితే చుట్టూ ఉన్న స్టేషన్ల నుంచి మీ చోటుకు సరిపోయే కరెక్షన్ కట్టి ఇస్తుంది. దానికి మీరెక్కడున్నారో తెలియాలి కాబట్టి ఎన్‌ట్రిప్ పేజీలో జీజీఏ (మీ చోటు చెప్పే వాక్యం) పంపే టిక్కు తప్పక పెట్టాలి. అది లేకపోతే కనెక్ట్ అవుతుంది, ఒక్క బైటూ రాదు.

వేళ. సాయంత్రం 7 తర్వాత అన్నారు, మన అక్షాంశాల్లో రోజంతటిలో అదే అన్నిటికన్నా చెడ్డ సమయం. పొద్దు గుంకాక అయనోస్ఫియర్‌లో (వాతావరణపు పై పొర) బుడగల్లాంటి ఖాళీలు లేస్తాయి, సిగ్నల్ బలం సెకనుకు సెకను ఎగుడుదిగుడవుతుంది, రిసీవర్ లెక్కపెట్టుకుంటున్న తరంగాల లెక్క తెగిపోతుంది. మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల, సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో అర్ధరాత్రి దాకా కూడా సాగుతుంది. యూరప్ వాళ్ల వీడియోల్లో ఈ ముక్క ఉండదు, వాళ్లకు ఈ బాధ తక్కువ. పొద్దున 7 నుంచి 11 మధ్య కొలవండి, కూలీలున్నా సరే.

టచ్‌స్క్రీన్_రైతు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇదే హెచ్‌సీ-05 ఐఫోన్‌కు పనిచేస్తుందా?

టంకం_పొగ

చేయదు. హెచ్‌సీ-05 పాత బ్లూటూత్ సీరియల్ ప్రొఫైల్. ఆపిల్ లైసెన్స్ చిప్పు లేని వస్తువును ఐఫోన్ ఆ ప్రొఫైల్‌లో దగ్గరకు రానివ్వదు. ఐఫోన్‌కు బీఎల్‌ఈ (తక్కువ కరెంటు రకం బ్లూటూత్) మాడ్యూల్, దాన్ని గుర్తించే యాప్ రెండూ కావాలి.

దీనికి తిరగేసిన చిక్కు, హెచ్‌సీ-05 బదులు వాడే ఈఎస్‌పీ32 చిప్పులో ఉంది. పాత ఈఎస్‌పీ32కు రెండు రకాల బ్లూటూత్‌లూ ఉన్నాయి. ఎస్3, సీ3 రకాల్లో బీఎల్‌ఈ ఒక్కటే. కొత్తది కదా అని ఎస్3 తీసుకొచ్చి సీరియల్ బ్లూటూత్ ప్రోగ్రాం ఎక్కించబోతే కంపైల్ కూడా కాదు.

గ్రిడ్_గోపురం

గూగుల్ మ్యాప్స్ ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను చెబుతా.

ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ రిసీవర్‌తో నేరుగా మాట్లాడుతుంది, దానికి మాక్ లొకేషన్ (ఫోన్ సొంత లొకేషన్ బదులు వేరే యాప్ ఇచ్చేది) అవసరం లేదు. ఇతర యాప్‌లకు ఈ లొకేషన్ కావాలంటేనే అది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అక్కడ బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తట్టండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటుంది. అందులో సెలెక్ట్ మాక్ లొకేషన్ యాప్ దగ్గర రిసీవర్‌ను చదివే యాప్‌ను ఎంచుకోవాలి. లెఫెబ్యూర్ ఎన్‌ట్రిప్ క్లయింట్ ఇందుకు బాగుంటుంది. దాని రిసీవర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టర్నల్ వయా బ్లూటూత్, మీ హెచ్‌సీ-05 ఎంపిక, మాక్ లొకేషన్ టిక్కు. ఎన్‌ట్రిప్ సెట్టింగ్స్‌లో అడ్రసు, పోర్టు (చాలాచోట్ల 2101), యూజర్, పాస్‌వర్డ్, స్ట్రీమ్. రిపోర్టెడ్ లొకేషన్ దగ్గర ఎక్స్‌టర్నల్ రిసీవర్ నుంచి తీసుకొమ్మనండి.

ఒక రిసీవర్‌కు ఒకే బ్లూటూత్ కనెక్షన్. లెఫెబ్యూర్ పట్టుకుని ఉంటే ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్‌కు దొరకదు. రెండూ ఒకేసారి తెరిచి "ఒకటి పనిచేస్తే ఇంకోటి చేయట్లేదు" అనడం ఇక్కడ వారానికొకసారి కనిపిస్తుంది.

నీలం చుక్క దుంకడానికి కారణం రెండు లొకేషన్లు పోటీ పడటం. మాక్ యాప్ రెండు మూడు సెకన్లు ఆగిందంటే ఫోన్ వెంటనే వైఫై, టవర్ల లెక్కకు మారిపోతుంది. లొకేషన్ సెట్టింగ్స్‌లో గూగుల్ లొకేషన్ అక్యురసీ ఆపేయండి. మాక్ యాప్‌కు బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వండి, లేకపోతే తెర ఆరగానే ఆండ్రాయిడ్ దాన్ని నిద్రపుచ్చుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి నియర్‌బై డివైసెస్ పర్మిషన్ కూడా ఇవ్వాలి.

కొన్ని ఫోన్లలో ఓటీజీకి వేరే స్విచ్ ఉంటుంది, పది నిమిషాలు వాడకపోతే అదే ఆరిపోతుంది. మధ్యాహ్నం అన్నానికి కూర్చుని లేచాక రిసీవర్ కనిపించకపోతే కేబుల్‌ను తిట్టేముందు ఆ స్విచ్ చూడండి.

హద్దులు మాత్రం మాక్ లొకేషన్ మీద కొలవొద్దు. ఆ దారిలో అవతలి యాప్‌కు అక్షాంశం, రేఖాంశం, ఒక అక్యురసీ అంకె చేరతాయి. ఫిక్సా ఫ్లోటా అన్నది చేరదు. జీజీఏ వాక్యంలో ఆరో గడిలో ఉంటుంది అది: 1 అంటే మామూలు, 2 అంటే గగన్ లాంటి ఉపగ్రహ కరెక్షన్ల సాయంతో, 5 ఫ్లోట్, 4 ఫిక్స్. పాయింట్ రికార్డు చేసేటప్పుడు ఆ 4 మీ కళ్లెదుట ఉండాలి. పదమూడో గడిలో కరెక్షన్ వయసు సెకన్లలో ఉంటుంది. అది 1, 2 మధ్య ఆడాలి. 10, 20 అని పెరుగుతుంటే మీ చేనులో మొబైల్ సిగ్నల్ పోతోందన్నమాట.

పని అయ్యాక మాక్ లొకేషన్‌ను నన్‌కు మార్చడం మరవొద్దు. బ్యాంకు యాప్‌లు, హాజరు యాప్‌లు మొండికేస్తాయి.

చెల్కగట్టు

అన్నలందరికీ థ్యాంక్స్. చిప్పు మీద 04బి ఉంది. నాలుగో తీగ కలిపి రెండు దిక్కులా 115200 పెట్టిన, బ్లూటూత్ లైను కట్టింది. 12 సెంటీమీటర్ల ఇనుప రేకు పెట్టిన, కార్స్ లాగిన్‌తో పొద్దున 8కి ఎండలో నిలబెడితే అర నిమిషం లోపే ఫిక్స్ వచ్చింది.

ఇంకో రెండు అడుగుతా. ఒక యాప్‌లో ఎత్తు 75 మీటర్ల తేడా చూపిస్తుంది, గూగుల్ ఎర్త్‌తో అస్సలు కలుస్తలేదు. ఇంకోటి, మూలల పాయింట్లు ఎంతసేపు తీయాలి? ఫోన్ జీపీఎస్‌తోనే తీస్తే గుంటల్లో ఎంత తేడా వస్తది, ఇంత కష్టం అవసరమా అని మా బాబాయి అడుగుతుండు.

గ్రిడ్_గోపురం

75 మీటర్లు రిసీవర్ తప్పు కాదు. ఉపగ్రహాలు ఎత్తును ఎలిప్సాయిడ్ అనే లెక్కల గుండు మీది నుంచి కొలుస్తాయి, మ్యాపులు సముద్రమట్టం నుంచి. దక్షిణ భారతంలో సముద్రమట్టపు ఉపరితలం ఆ గుండు కన్నా బాగా కిందుంటుంది, హైదరాబాద్ చుట్టూ ఆ తేడా సుమారు 75 మీటర్లు. జీజీఏలో తొమ్మిదో గడి సముద్రమట్టం ఎత్తు, పదకొండోది ఈ తేడా, మైనస్ గుర్తుతో. రెండూ కలిపితే ఎలిప్సాయిడ్ ఎత్తు. మీ యాప్ ఏది చూపిస్తోందో సెట్టింగ్స్‌లో ఉంటుంది. చెల్క విస్తీర్ణానికి ఎత్తుతో పనిలేదు. నీళ్ల వాలు చూసుకోవడానికైతే ఏదైనా ఒక్కదాన్నే చివరిదాకా పట్టుకోండి. కర్ర ఎత్తు కూడా యాప్‌లో ఒక్కచోటే ఇవ్వాలి.

బాబాయి గారి ప్రశ్న మంచిది, లెక్క వేద్దాం. 4 ఎకరాలు చదరంగా ఉందనుకుంటే భుజం 127 మీటర్లు, మూల నుంచి మూలకు 180 మీటర్లు. ప్రతి మూలా దేనికదే ప్రతి దిక్కులో 2 మీటర్లు అటూ ఇటూ పోతే, విస్తీర్ణంలో తేడా సుమారుగా ఆ 2ను 180తో గుణించినంత. అంటే 360 చదరపు మీటర్లు, మూడున్నర గుంటలు. అదే 2 సెంటీమీటర్లయితే 3.6 చదరపు మీటర్లు, నాలుగు గజాల పైచిలుకు. నాలుగు మూలలూ పది నిమిషాల్లో తీస్తే పొరపాట్లు ఒకే దిక్కుకు జరుగుతాయి కాబట్టి ఫోన్‌తో కూడా విస్తీర్ణం ఇంతకన్నా బాగానే రావచ్చు. కానీ రాయి ఎక్కడ పాతాలన్నది ఫోన్ చెప్పలేదు. మీకు కావాల్సింది అదే కదా.

సర్వేరాయి

ఎంతసేపు అంటే, ఫిక్స్ వచ్చాక ఒక్కో పాయింట్‌కు 30 సెకన్ల సగటు చాలు. పది నిమిషాలు నిలబడ్డా తప్పు ఫిక్స్ ఒప్పయిపోదు. అందుకని ఇలా చేయండి: పాయింట్ తీశాక యాంటెన్నాను తలకిందులు చేసి ఫిక్స్ పోగొట్టండి. మళ్లీ నిలబెట్టి కొత్త ఫిక్స్ రానిచ్చి అదే పాయింట్ ఇంకోసారి తీయండి. రెండూ 3 సెంటీమీటర్ల లోపు కలిస్తే ఉంచండి, లేకపోతే రెండూ కొట్టేయండి. చివరి మూల అయ్యాక మొదటి మూలకు తిరిగొచ్చి మళ్లీ ఒకటి. గంట గడిచి ఉంటుంది, ఉపగ్రహాలు జరిగి ఉంటాయి, అది ఇంకా గట్టి పరీక్ష.

పీవీసీ పైపు మార్చండి, వంగుతుంది. 2 మీటర్ల అల్యూమినియం పైపు, దానికి గుండ్రటి నీటి బుడగ లెవెల్. కర్ర ఒక్క డిగ్రీ వాలితే పైన 3.5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఇంత ఖర్చుపెట్టి కరెక్షన్లు తెచ్చుకుని, చేత్తో వాల్చి పారేసుకోవడం అన్నమాట. రెండు కర్రలతో ముక్కాలి పీట లాగా ఆనించినా చాలు.

అలాగే ప్రాజెక్టు పెట్టేటప్పుడు యూటీఎం (నేలను మీటర్ల గడుల్లో చూపే మ్యాపు పద్ధతి) జోన్ చూసుకోండి. జనగామ 44 ఉత్తరం, ఈపీఎస్‌జీ నంబరు (ఆ జోన్ కోడు) 32644. తెలుగు నేల చాలావరకు ఇదే, కానీ 78 డిగ్రీల రేఖాంశానికి పడమరగా ఉన్న అనంతపురం, ఆదోని వైపు 43లోకి వెళతాయి, ఇచ్ఛాపురం, పలాస వైపు 45లోకి. యూటీఎంలో దూరాలు అసలు నేల దూరాలు కావు. విజయవాడ చుట్టూ ఎకరాకు నాలుగు గజాల దాకా తక్కువ చూపిస్తుంది, హైదరాబాద్‌లో దాదాపు అంతే ఎక్కువ. మీ జనగామ దగ్గర అదృష్టవశాత్తూ ఈ తేడా లేనట్టే. క్యూజీఐఎస్‌లో (మ్యాపు సాఫ్ట్‌వేర్) విస్తీర్ణం తీస్తే ఎలిప్సాయిడల్ ఎంచుకోండి, ఈ గొడవే ఉండదు.

టిప్పన్‌తో (పాత సర్వే కొలతల పటం) పోల్చేటప్పుడు కోఆర్డినేట్లు పక్కనపెట్టి రాయికీ రాయికీ మధ్య దూరాలు పోల్చండి. పాత కొలతలు గొలుసులతో తీసినవి, వాటికి అక్షాంశాలతో సంబంధం లేదు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 101.17 చదరపు మీటర్లు. ఆంధ్ర వైపు ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) చూసేవాళ్లకు: లింకుల్లో ఉంటే 100 లింకులు 66 అడుగులు, 20.1168 మీటర్లు. కదలని రాళ్లు కనీసం మూడు దొరికితే వాటి మధ్య దూరాలు టిప్పన్‌తో ఎంత కలుస్తున్నాయో ముందు చూడండి. గొలుసు కొలతల్లో వంద మీటర్లకు ఇరవై ముప్పై సెంటీమీటర్లు తేడా వస్తే కంగారు పడొద్దు. మీటరు దాటితే ఆ మూడింట్లో ఏదో రాయి కదిలింది. ఆ మూడూ నమ్మదగ్గవని తేలాకే మిగతా రెండింటి చోటు లెక్కగట్టండి. అక్కడ రాయి పాతకుండా సున్నం గుర్తు పెట్టి వదిలేయండి. పాతాల్సింది సర్వేయర్ వచ్చాక, పక్క రైతు ఎదుట. మన కొలత ఎంత నిక్కచ్చిగా ఉన్నా తగాదా వస్తే కాగితం మీద చెల్లేది ఆయన కొలతే. కాకపోతే మీ పాయింట్ల జాబితా చేతిలో ఉంటే ఏ రాయి దగ్గర తేడా వచ్చిందో అక్కడికక్కడే అడగొచ్చు.

చెల్కగట్టు

ఉత్తరం దిక్కు మూడు రాళ్లు గట్టిగానే ఉన్నయ్. ఒకటి మాత్రం కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగు మీటర్ల దూరంలో ఉంది. దాని పక్కన ఫిక్స్ నమ్మొచ్చా?

టంకం_పొగ

ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్, ఉపగ్రహాలు 1.2, 1.5 గిగాహెర్ట్జ్. కరెంటు వల్ల ఏమీ కాదు. ఆ ఇనుప డబ్బా, స్తంభాలు సిగ్నల్‌ను తిప్పికొడతాయి, ఆకాశంలో ఒక పక్కను కప్పేస్తాయి, దానివల్ల అవుతుంది. పైన చెప్పిన తలకిందుల పరీక్ష అక్కడ రెండుసార్లు చేయండి. కలవకపోతే చెట్టుకు చెప్పిన టేపు పద్ధతే. ఇనుప టేపు మాత్రం వద్దు, ఆ చుట్టుపక్కల ఫైబర్ టేపే వాడండి. రెండు మీటర్ల అల్యూమినియం కర్ర కూడా తీగల కిందికి తీసుకెళ్లొద్దు.